ఆదర్శ ప్రాంగణంలో ఒక ప్రయాణికురాలు

సత్తిరాజు తన పళ్లు ఇంట్లో మర్చిపోయి నాటకానికి వెళ్లిపోయాడు.

ఆ సంగతి ఆయన భార్య తలుపులమ్మకు తెలిసేసరికి పొద్దున్న ఏడున్నరయింది. వంటింటి గూట్లో, గాజు గ్లాసులో, నీళ్ల అడుగున పైవరసా కిందివరసా రెండూ పకపకా నవ్వుతూ కనిపించాయి.

సత్తిరాజు ముప్ఫై ఏళ్లుగా పద్యనాటకాల్లో రాజు వేషం కడుతున్న మనిషి. ఆ సాయంత్రం ఆరింటికి కొండేపూడిలో ఆట. తెల్లారకముందే నాటక సమాజం వాళ్ల వ్యాను వచ్చి వీధిలో హారన్ కొడితే, నిద్రమొహంతోనే కిరీటం పెట్టె చంకన పెట్టుకుని ఎక్కేశాడు. కిరీటం మాత్రం మర్చిపోలేదు.

తలుపులమ్మ ఇంకా గ్లాసు వంకే చూస్తుండగా ఫోను మోగింది.

"హలుపులమ్మా, హొందరగా బయల్హేరు" అన్నాడు సత్తిరాజు అవతలినుంచి.

సమాజం మేనేజరు ఫోను లాక్కుని తర్జుమా చేశాడు. "అమ్మా, ఈయన సింహాసనం అనబోతే హింహాహనం అని వత్తందండి. జనం నవ్వితే మన సమాజం పరువేం గానండి? అయిదింటికల్లా పళ్లు రాపోతే రాజు వేషం నేను కట్టేత్తాను. ఈయనకి కాపలావోడి వేషం ఇత్తాను. దానికి మాటల్లేవు."

తలుపులమ్మకు మొగుడి మతిమరుపు మీద కోపం రాలేదు. అది అలవాటైపోయింది. ముప్ఫై ఏళ్ల రాజుని ఒక్క పూటలో గుమ్మం దగ్గర నిలబెడతానన్న మాట మీద వచ్చింది. పళ్లను చిన్న స్టీలు డబ్బాలో నీళ్లతో సహా పెట్టి, మూత బిగించి, చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది.

వాళ్ల ఊరినుంచి కొండేపూడికి సరాసరి బస్సు లేదు. చింతలమెరకలో దిగి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఊరి బస్సు ఆమెను పది నలభైకి చింతలమెరక గడియారం సెంటర్లో దింపింది. ఎక్స్‌ప్రెస్ పన్నెండున్నరకి. అది అందితే మూడింటికల్లా కొండేపూడి. రెండు గంటలు ఖాళీ ఉంది కదా, ఓ ఇడ్లీ తిని నిమ్మళంగా కూర్చుందాం అనుకుంది. కూర్చోడానికి బస్టాపే లేదు. అది ఉండాల్సిన చోట ఒక బోర్డు ఉంది.

"ప్రయాణికుల సౌకర్యార్థం ఈ బస్టాపు ఇచ్చటినుండి ఆరు కిలోమీటర్ల దూరమునకు మార్చబడినది."

బోర్డు నీడలో ఆటో పెట్టుకుని ఒకతను పేపరు చదువుతున్నాడు. పేరు యేసుదానం.

"బాబూ, కొండేపూడి ఎక్స్‌ప్రెస్ ఈ రోడ్డున రాదా?" అని అడిగింది తలుపులమ్మ.

"ఎందుకు రాదండి? ఇటే వత్తాది, ఇటే ఎళ్తాది. ఆగదు."

"ఇటే ఎళ్తా ఆగకపోడవేంటి?"

"ఆపితే డ్రైవరుకి మెమో ఇత్తారండి. మనం సెయ్యెత్తామనుకోండి, తిరిగి నమస్కారం పెడతాడు. మంచోడేనండి పాపం."

ఎనిమిది నెలల కిందటి వరకు ఎక్స్‌ప్రెస్ గడియారం సెంటర్లోనే ఆగేది. బల్లలు విరిగాయని, కుళాయి పనిచేయడం లేదని, గోడలంతా కిళ్లీ మరకలని ఫిర్యాదులు పుస్తకాల కొద్దీ వచ్చాయి. ప్రాంతీయ ప్రయాణ ప్రాంగణాల సంస్థ ఒక అధ్యయన సంఘాన్ని వేసింది. ఆ సంఘం ఏడాదిపాటు ఫిర్యాదులన్నీ చదివి, అంతవరకు ఎవరికీ తట్టని సత్యాన్ని ఒకదాన్ని కనిపెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్లందరూ ప్రయాణికులే. బల్లలు విరిగింది వాళ్లు కూర్చున్నందువల్ల. కుళాయి ఊడింది వాళ్లు తిప్పినందువల్ల. గోడల సంగతి చెప్పనే అక్కర్లేదు. కనుక బస్టాపులో అన్ని సమస్యలకూ మూలకారణం ప్రయాణికులేనని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. వాళ్లు తేలిగ్గా చేరుకోలేని చోట ఒక ఆదర్శ ప్రాంగణం కట్టాలని సిఫారసు చేసింది. స్థలం వెతకడానికి మరో సంఘం వేశారు. అది చాలా సమర్థంగా పనిచేసింది.

"నన్నక్కడికి తీసుకెళ్లు బాబూ" అంది తలుపులమ్మ.

యేసుదానం పేపరు మడిచి ఆమె వంక జాలిగా చూశాడు. "ఈ ఎనిమిది నెలల్లో ముగ్గుర్ని తీసుకెళ్లానండి. ఇద్దరు మళ్లీ నా ఆటోలోనే తిరిగొచ్చేశారు. మూడో ఆయన బోర్డుకి రంగులెయ్యడానికొచ్చిన పెయింటరు. హైవే మీదికి ఆటోల్ని రానివ్వరండి. కాలవ లాకుల దాకా అయితే దింపుతానండి. అక్కణ్నించి నడకే."

లాకుల మీద మనిషి పట్టేంత వంతెన దాటి, గట్టు దిగి, సరుగుడు తోటలో అరమైలు నడిచి, ఒక పిల్లకాలువ గెంతితే హైవే వస్తుంది. తలుపులమ్మకు అరవై ఒకటి. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని అన్నీ చేసింది. పిల్లకాలువ గెంతేటప్పుడు మాత్రం సంచిని గుండెకి అదుముకుంది. అక్కడ మేస్తున్న గేదె ఒకటి తలెత్తి చూసి, మనుషుల్ని చూసి చాలా రోజులైనట్టు వెనక్కి జరిగింది.

ప్రాంగణం చూడగానే ఆమె నోరు తెరుచుకుంది. అద్దంలా మెరిసే నల్లరాతి బల్లలు. వాటికి కట్టిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. ఎవరూ లేకపోయినా తిరుగుతున్న ఆరు ఫ్యాన్లు. చల్లటి నీళ్ల యంత్రం. తల్లులు పిల్లలకు పాలిచ్చే గది. చుట్టూ వరసగా గన్నేరు మొక్కలు. గోడలమీద ఒక్క మరకైనా లేదు.

లోపలినుంచి నల్లకోటు తొడుక్కున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆయన ప్రాంగణ పర్యవేక్షణాధికారి గంటి మృత్యుంజయరావు. మంచి మనిషే. ఆ ఎనిమిది నెలల్లో ప్రతి ఆకూ తుడిచి, ప్రతి బల్లనీ చంటిబిడ్డలా సాకాడు.

"ఎవరమ్మా తమరు? ఇటువైపు ఎలా ప్రవేశించారు?"

"పేసెంజర్నండి. పన్నెండున్నర ఎక్స్‌ప్రెస్‌కి."

మృత్యుంజయరావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అలాంటి ఏర్పాటు ఇక్కడ లేదమ్మా."

"బస్టాపే కదండీ ఇది?"

"బస్టాపే. అందుకు సంబంధించిన పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కానీ ప్రారంభోత్సవం నాటినుంచి ఈ క్షణం వరకు సదరు ప్రాంగణంలో ప్రయాణికుల సంఖ్య సున్న. ఈ రోజే, మరో గంటలో, ఉత్తమ ప్రాంగణ ఎంపిక సంఘం తనిఖీకి విచ్చేస్తోంది. పరిశుభ్రతకు నూరు మార్కులు, నిశ్శబ్దానికి నూరు, బల్లల నాణ్యతా పరిరక్షణకు నూరు. అన్నిటా మనమే ప్రథమం. ఇలాంటి చారిత్రక ఘడియలో తమరు..."

తలుపులమ్మకు ఆయన్ని చూస్తే జాలేసింది. అయినా కాళ్లు లాగుతున్నాయి. "ఓ పక్కన కూర్చుంటానండి. ముట్టుకోను దేన్నీ."

"బల్లలు ప్రదర్శనార్థం."

"నుంచునే ఉంటాను. బస్సు ఆగుతాదా?"

ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి చదివాడు. "నిబంధన పదకొండు. ఒకరిద్దరి కొరకు బస్సును నిలుపుట ఇంధన దుర్వినియోగం. పసుపు గడిలో కనీసం అయిదుగురు నిలబడి ఉన్నచో మాత్రమే డ్రైవరు వాహనమును ఆపవలెను. నిలబడిన వారందరూ విధిగా ఎక్కవలెను. తమరు ఒక్కరు. కాబట్టి నిబంధనల ప్రకారం బస్సు తమ ముందునుంచి వెళుతుంది."

తలుపులమ్మ రోడ్డు అంచున గీసిన పసుపు గడి వంక చూసింది. దాని మీద దుమ్ము తప్ప అడుగు జాడ లేదు. సంచిలో మొగుడి రాజ్యం ఉంది. ఇక్కడ ఇంకో నలుగురు లేరు.

"ఏవండీ, మా ఆయన రాజు వేషం కడతారు" అని మొదలుపెట్టి కథంతా చెప్పింది. డబ్బా మూత తీసి చూపించింది కూడా. మృత్యుంజయరావు కళ్లు చెమర్చాయి. ఆయనా చిన్నప్పుడు నాటకంలో మంత్రి వేషం వేశాడట.

"సానుభూతి వ్యక్తిగతం, నిబంధన వ్యవస్థాగతం" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "తమరు పాలిచ్చే గదిలో దాక్కోండి. అక్కడికి ఎవరూ రారు. సంఘం వెళ్లాక ఆలోచిద్దాం."

తలుపులమ్మ లోపలికి వెళ్లింది. పన్నెండింటికి కారు వచ్చి ఆగింది. సంఘం అధ్యక్షురాలు హైమావతీదేవి దిగింది. ఆమె వెనక ఇద్దరు సభ్యులు. ఒకాయన చేతిలో టేపు, రెండో ఆయన చేతిలో చప్పుడు కొలిచే యంత్రం.

"అద్భుతం" అంది హైమావతీదేవి, బల్లల మీద కవర్లు చూసి. "పోయిన వారం చూసిన ప్రాంగణంలో ఎవరో పడుకుని ఉన్నారండీ. మనసు వికలమైపోయింది."

"ఇక్కడ అలాంటి అవాంఛనీయ సంఘటనలకు తావు లేదు మేడమ్" అన్నాడు మృత్యుంజయరావు, పాలిచ్చే గది తలుపుకి అడ్డంగా జరుగుతూ.

"నిశ్శబ్దం ఎంత?" అని అడిగిందామె.

యంత్రం పట్టుకున్నాయన ముల్లు వంక చూసి, "చప్పుడు సున్నకి దగ్గర్లో ఉంది మేడమ్. ఇది రికార్డు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పాలిచ్చే గదిలో ఫోను మోగింది. తలుపులమ్మ కంగారులో స్పీకరు నొక్కింది.

"హలుపులమ్మా! ఎక్కహున్నావే? మేకప్పు మొహలుపెట్టేహారు!"

ముప్ఫై ఏళ్లు మైకు లేకుండా చివరి వరస వాళ్లకి వినిపించిన గొంతు అది. యంత్రంలో ముల్లు అవతలి కొసకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

హైమావతీదేవి తలుపు తోసింది. తలుపులమ్మ సంచి పట్టుకుని లేచి నిలబడింది.

"ఈమె తోటమాలి మేడమ్" అన్నాడు మృత్యుంజయరావు.

"కాదండి, పేసెంజర్ని" అంది తలుపులమ్మ. అబద్ధం ఆడితే బస్సు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆడేదే. ఎవరూ చెప్పలేదు.

టేపు పట్టుకున్నాయన టేపు జారవిడిచాడు. మృత్యుంజయరావు గోడకి జేరబడిపోయాడు.

హైమావతీదేవి మాత్రం చలించలేదు. కళ్లజోడు సర్దుకుని మార్కుల పత్రం పేజీలు తిప్పింది. "పద్నాలుగో గడి" అంది నెమ్మదిగా. "ప్రయాణికుల సంతృప్తి. ఈ గడిలో ఇంతవరకు రాష్ట్రమంతటా 'వర్తించదు' అని రాస్తూ వచ్చాం. ఇప్పుడు ప్రయాణికురాలు ప్రత్యక్షంగా లభ్యమయ్యారు కనుక, ఈ గడి నింపక తప్పదు."

"ఒక్కరి అభిప్రాయం సరిపోతుందా మేడమ్?" అని అడిగాడు యంత్రం ఆయన.

"ఈ ప్రాంగణ చరిత్రలో ప్రయాణికులు మొత్తం ఎందరు?"

"ఒకరు."

"మనం విచారించబోతున్నది ఎందరిని?"

"ఒకరిని."

"నూటికి నూరు శాతం. దేశంలో ఎక్కడా ఇంత సమగ్రమైన సర్వే జరిగి ఉండదు." ఆమె కలం మూత తీసి తలుపులమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఈ ప్రాంగణం పట్ల తమరు సంతృప్తిగా ఉన్నారా, అసంతృప్తిగా ఉన్నారా?"

తలుపులమ్మ మృత్యుంజయరావు మొహం చూసింది. ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. గోడ గడియారం చూసింది. పన్నెండూ ఇరవై. తన నోట్లోంచి వచ్చే ఒక్క మాటతో ఈ రాతి బల్లలన్నీ నిలబడతాయో కూలతాయో తేలిపోతుందని ఆమెకు అప్పుడే అర్థమయింది. అరవై ఒక్క ఏళ్లలో ఆమెను అభిప్రాయం అడిగిన మొదటి ఆఫీసరు ఈవిడే.

"బస్సు ఆగితే బాగున్నట్టండి" అంది. "ఆగకపోతే బాగోనట్టు. ఎక్కాకే చెప్తాను."

"న్యాయమైన ప్రమాణం" అంది హైమావతీదేవి. "బస్సు ఆగడానికి అవరోధమేమిటి?"

మృత్యుంజయరావు నిబంధన పదకొండు చదివాడు. చదువుతూ చదువుతూ 'అయిదుగురు' అన్నచోట ఆగి, తలెత్తి, మనుషుల్ని లెక్కపెట్టాడు. అధ్యక్షురాలు ఒకరు. సభ్యులు ఇద్దరు. తను. తలుపులమ్మ.

"మేడమ్" అన్నాడు.

పన్నెండు ఇరవై తొమ్మిదికి, ప్రాంతీయ ప్రయాణ ప్రాంగణాల సంస్థ చరిత్రలో మొట్టమొదటిసారిగా, పసుపు గడి నిండింది. హైమావతీదేవి ముందు నిలబడింది. ఆమె వెనక టేపూ యంత్రమూ. నల్లకోటులో మృత్యుంజయరావు. అందరికంటే ముందుకు వంగి, డబ్బా ఉన్న సంచిని జెండాలా ఊపుతూ తలుపులమ్మ.

దూరాన ఎక్స్‌ప్రెస్ కనిపించింది. అలవాటు ప్రకారం డ్రైవరు ఒక చేత్తో నమస్కారం పెట్టాడు. తర్వాత అతని పెదవులు కదలడం వీళ్లకి అద్దంలోంచి కనిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. బస్సు కీచుమంటూ రెండు వందల గజాలు అవతల ఆగి, వెనక్కి వచ్చింది.

తలుపులమ్మ ఎక్కేసింది. మిగతా నలుగురూ గడిలోనే చేతులు ఊపుతూ నిలబడ్డారు.

"ఎక్కండెక్కండి" అన్నాడు కండక్టరు.

"మేము ఎంపిక సంఘం" అంది హైమావతీదేవి.

"ఎవరైతే ఏంటండి? అయిదుగురున్నారని ఆపాం. ఒక్కరెక్కితే రేపు నాకు మెమో ఎవరిత్తారండి? మీరే కదా!"

హైమావతీదేవి ఒక్క క్షణం ఆలోచించింది. నిబంధనలు ఆమే రాయించింది. తలవంచి ఎక్కింది. ఆమె వెనకే సభ్యులు ఎక్కారు. మృత్యుంజయరావు ఆఖర్న, గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి తను కూడా లేని ప్రాంగణం. ఒక్క మనిషి లేడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. "పరిపూర్ణం" అన్నాడు.

తర్వాతి స్టాపు ఇరవై రెండు కిలోమీటర్ల తర్వాతే. సంఘం వాళ్ల కారు ఖాళీగా బస్సు వెనకే వస్తోంది. బస్సులో సీట్లు లేవు. హైమావతీదేవి కోళ్లబుట్ట పక్కన, కడ్డీ పట్టుకుని నిలబడి, ఊగుతూనే పత్రం తెరిచింది.

"చెప్పమ్మా. సంతృప్తేనా?"

"చాలా బాగుందండి" అంది తలుపులమ్మ. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. "పెద్దోళ్లు దగ్గరుండి ఎక్కించారు. మా ఊళ్లో పెళ్లికూతుర్ని కూడా ఇలా ఎక్కించరు."

హైమావతీదేవి పద్నాలుగో గడిలో "100" అని వేసి, కింద గీత గీసింది.

మూడుం పావుకి తలుపులమ్మ కొండేపూడి గ్రీన్‌రూములో అడుగుపెట్టేసరికి మేనేజరు అప్పటికే మీసాలు అతికించుకుని, కిరీటం నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. సత్తిరాజు మూల స్టూలు మీద ఈటె పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లాం సంచిలోంచి డబ్బా తీయగానే ఈటె పక్కన పారేశాడు. పళ్లు పెట్టుకుని, రెండుసార్లు దవడ ఆడించి, లేచి నిలబడి, "సింహాసనం!" అన్నాడు. రేకుల కప్పు మోగింది. మేనేజరు కిరీటం తీసి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం ప్రతి పద్యానికీ వన్స్‌మోర్ పడింది. తలుపులమ్మ ముందు వరసలో కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని చూసింది.

ఉత్తమ ప్రాంగణంగా చింతలమెరకకే మొదటి బహుమతి వచ్చింది. ప్రయాణికుల సంతృప్తి నూటికి నూరు శాతం ఉన్నది రాష్ట్రంలో అదొక్కటే. నెల తిరక్కుండా తలుపులమ్మకు మృత్యుంజయరావు దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ప్రాంగణపు ఏకైక ప్రయాణికురాలిగా ఆమెను సన్మానించాలని సంస్థ తీర్మానించిందట. అయితే సన్మానమంటే జనం రావాలి. జనం వస్తే ఆదర్శ ప్రాంగణం ఆదర్శంగా ఉండదు. అందుచేత సభను ఊళ్లో, గడియారం సెంటర్లో ఏర్పాటు చేశారు.

ఆ రోజు సెంటర్లో రోడ్డుకి అడ్డంగా షామియానా వేశారు. హైమావతీదేవి తలుపులమ్మకు శాలువా కప్పి, పూలదండ వేసి, "ప్రయాణికులంటే ఇలా ఉండాలి" అని అరగంట మాట్లాడింది. సరిగ్గా పన్నెండుం పావుకి ఎక్స్‌ప్రెస్ వచ్చి షామియానా ముందు ఆగిపోయింది. వెళ్లడానికి దారి లేదు. సభలో కూర్చున్న పంతొమ్మిది మంది లేచి బస్సెక్కేశారు. పదకొండు మంది దిగారు. డ్రైవరు తన పుస్తకంలో, నిలుపుదలకు కారణం అన్నచోట, "తలుపులమ్మ గారి సన్మానం" అని రాశాడు. సన్మానం చేసింది సంస్థే కనుక మెమో ఇవ్వడానికి ఎవరికీ దారి దొరకలేదు.

అంతలో పెద్ద వాన వచ్చింది. మైకు ఆగిపోయింది. వందన సమర్పణ జరక్కుండానే అందరూ పరుగెత్తారు.

మర్నాడు డ్రైవరు మళ్లీ సెంటర్లో బస్సు ఆపి, పుస్తకంలో మళ్లీ అదే కారణం రాశాడు. ఆ మర్నాడూ అంతే. నెలాఖరున ప్రధాన కార్యాలయం సంజాయిషీ కోరింది. మృత్యుంజయరావు రెండు రోజులు ఫైళ్లు తిరగేసి జవాబు రాశాడు. "వందన సమర్పణ జరగని సభను ముగిసినట్లుగా పరిగణించరాదు. సదరు సన్మానం ఇంకనూ కొనసాగుచున్నదని తెలియజేయడమైనది." ఊరి జనాన్ని తన ప్రాంగణానికి దూరంగా ఉంచడానికి ఇంతకంటే మంచి మార్గం లేదని ఆయనకి తెలుసు. బల్లల మీద కవర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ప్రధాన కార్యాలయం ఆ జవాబును ఆమోదించింది.

ఆర్నెల్ల తర్వాత తలుపులమ్మ కొండేపూడి నుంచి తిరిగొస్తోంది. కాలువ మీది రోడ్డు వంతెన దాటగానే కండక్టరు, కొత్తవాడు, లేచి గట్టిగా అరిచాడు.

"సన్మానం! సన్మానం దిగేవోళ్లు ముందుకి రండి!"

బస్సులో సగం మంది మూటలు సర్దుకున్నారు. ముందు సీట్లో ఒక ముసలావిడ పక్కావిడతో, "సన్మానంలో దిగితే మా అమ్మాయోళ్లిల్లు నాలుగడుగులేనమ్మా" అంటోంది.

కండక్టరు తలుపులమ్మ దగ్గరికి వచ్చాడు. "మీరెక్కడమ్మా?"

"సన్మానానికే బాబూ" అంది తలుపులమ్మ, సంచి చేతికి తగిలించుకుని లేస్తూ. "కొంచెం నిమ్మళంగా ఆపించు. అది నాదే."